వంక పెట్టని భోజనాలు

మౌంట్ రాస్కిల్, ఆక్లాండ్
16 మార్చి 2003

కుసుమా,

మోకాళ్ళ నొప్పులు తప్ప నాకు కొత్తగా చేరిన ఆస్తులేమీ లేవు. నువ్వూ, రాజారావు బావగారూ సుకుబాలో బాగున్నారనే అనుకుని మొదలుపెడుతున్నాను. "ఉత్తరమెందుకు నాన్నా, అత్తకి ఈ-మెయిల్ కొట్టు, క్షణంలో చేరుతుంది" అని ఆశాజ్యోతి గోల. తెనాలి ప్రెస్సులో ముప్పై ఏడేళ్ళు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చినవాణ్ణి. క్షణంలో చేరే కబురంటే నాకు నమ్మకం కుదరదు.

సంగతేమిటంటే, మా ఇంట్లో ఆదివారం భోజనాలు మొదలయ్యాయి.

అమ్మాయి దగ్గరికి వచ్చి రెండేళ్ళయినా మీ వదిన ఈ దేశంలో చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఒదిగి ఒదిగి ఉండేది. అమ్మాయీ, అల్లుడు మహేంద్రా పొద్దున్నే చెరో కారెక్కి ఆఫీసులకి పోతారు. రమామణి పక్కింటావిడ కనిపిస్తే నవ్వేది, బస్సు డ్రైవరు కనిపిస్తే నవ్వేది. నవ్వి నవ్వి దవడలు నొప్పిపుట్టి ఇంటికొచ్చి పడుకునేది. మాట్లాడ్డానికి నేనున్నాను కదా అంటావేమో. నేను మాట్లాడతాను. అది ఆవిడ మాట్లాడ్డం కాదు కదా.

జనవరిలో ఒకనాడు శాండ్రింగ్‌హామ్ రోడ్డులోని ఇండియన్ షాపులో ఒక కుర్రాడు పులిహోర పొడి ప్యాకెట్టు పట్టుకుని, కోర్టు నోటీసు చదువుతున్నంత శ్రద్ధగా చదువుతున్నాడు. మీ వదిన ఆగింది.

"ఏ ఊరు బాబూ?"

"కావలి, ఆంటీ."

"అది పులిహోర కాదు నాయనా. అక్కడ పెట్టెయ్యి. ఆదివారం మా ఇంటికి రా."

"ఫ్లాట్లో ఇంకో ఇద్దరున్నారాంటీ. వాళ్ళని వదిలేసి తింటే నన్ను మళ్ళీ లోపలికి రానివ్వరు."

"వాళ్ళనీ తీసుకురా."

వాడి పేరు కృష్ణచైతన్య, చదువుకోడానికి వచ్చాడు. ముగ్గురు ఐదుగురయ్యారు, ఇప్పుడు పదకొండు మంది. రోహన్ అని హైదరాబాదువాడు, నోరు తెరిస్తే ముందు "యాక్చువల్లీ" వచ్చి తర్వాత వాడొస్తాడు. స్పందన అని ఖమ్మం అమ్మాయి, తెల్లారుజామునే బేకరీలో పనిచేసి పగలు కాలేజీకి పోతుంది. ఫ్లాట్ బుష్ నుంచి శ్రీరామచంద్రమూర్తి అనే సాఫ్ట్‌వేరు ఆయన కుటుంబంతో వస్తాడు. రమామణి ఇప్పుడు సోమవారంనాడే వచ్చే ఆదివారం ఏం వండాలో ఆలోచిస్తుంది. ఎవరికి జలుబు చేసింది, ఎవరికి పరీక్ష పోయింది, అన్నీ ఆవిడకి తెలుసు. నడక కూడా మారింది కుసుమా. ఇల్లు తనదన్నట్టు నడుస్తోంది.

వాళ్ళని అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఆవిడ రుచి చూడకపోవడం. దేవుడికి చూపించనిదే నాలుక మీద వెయ్యదు కదా. గిన్నె మీద మూత తీసి, ఆవిరి ముక్కుకి తగలనిచ్చి, "ఇంకో చిటికెడు" అంటుంది. అంతే. "ముక్కుతో ఉప్పు చూస్తారాంటీ!" అని స్పందన నోరెళ్ళబెట్టింది.

నా వంతుగా భోజనాలకి ముందు చిన్న ఉపన్యాసం ఇస్తున్నాను. "ఈ ఇంట్లో ఒకటే నియమం. ఆకు ముందు కూర్చున్నాక వంటకి వంక పెట్టకూడదు. మా నాన్నగారు పెట్టలేదు, నేను పెట్టలేదు, మీరూ పెట్టకూడదు." ఆకంటే ఇక్కడ కాగితం పళ్ళెమే అనుకో. పిల్లలు బుద్ధిగా తలలూపుతారు. అందరూ తిన్నాక చివర్న నేనూ, మీ వదినా తింటాం.

ఇరవై ఏళ్ళుగా జపాను వాళ్ళకి వడ్డిస్తున్నదానివి. అతిథుల గురించి నాకు తెలియాల్సినవి ఏమన్నా ఉంటే రాయి.

నీ అన్నయ్య
మధుసూదనరావు


సుకుబా, జపాన్
20 ఏప్రిల్ 2003

అన్నయ్యా,

నీ ఎనిమిది పేజీల కవరు పోస్టుమాన్ రెండు చేతులతో అందించి వంగి నమస్కారం పెట్టాడు. ఇక్కడ అందరికీ అలాగే ఇస్తారు. అయినా బరువుకి తగిన మర్యాదే అనిపించింది.

ఇక్కడి అతిథుల గురించి అడిగావు. నెలలో మొదటి శనివారం మా ఇంటికి నలుగురైదుగురు వస్తారు. పన్నెండింటికి రమ్మంటే పదకొండూ యాభైకే వీధి మలుపులో నిలబడి గడియారాలు చూసుకుంటూ ఉంటారు. సరిగ్గా పన్నెండుకి గంట మోగుతుంది. చెప్పులు విడిచి, వెళ్ళేటప్పుడు వేసుకోడానికి వీలుగా ముందే తిప్పి పెడతారు. తినేముందు చేతులు జోడించి ఒక మాట, తిన్నాక ఒక మాట. పళ్ళెంలో మెతుకు మిగలదు.

మన "ఇంకొంచెం, ఇంకొంచెం" అనే యుద్ధం ఇక్కడ పనికిరాదు. కొత్తల్లో మా వారి లాబొరేటరీ ఆయనొకరు పదకొండు గారెలు తిన్నారు. నేను పెడుతున్నాను, ఆయన తింటున్నారు. ఎంత ఇష్టమో అని మురిసిపోయాను. పెట్టింది వద్దనడం మర్యాద కాదని తిన్నారట, పాపం. సోమవారం లాబొరేటరీకి రాలేదు.

అందుకని ఒకటే చెబుతాను. వచ్చినవాళ్ళు ఏమన్నారో వినకు, ఏం చేశారో చూడు.

వదినని తన చేత్తో నాకో ఉత్తరం రాయమను. నీ ఉత్తరంలో ఆవిడ చెయ్యి కనిపించింది, నడక కనిపించింది, ముక్కు కూడా కనిపించింది. మాట మాత్రం ఆ కుర్రాడితో అన్న మూడు ముక్కలే.

కుసుమ


మౌంట్ రాస్కిల్
17 ఆగస్టు 2003

కుసుమా,

ఆలస్యానికి కారణం చలికాలం. ఈ చెక్క ఇళ్ళ విశేషమేమిటంటే బయటికంటే లోపలే చలి ఎక్కువ. నేను కోటు వేసుకుని ఇంట్లోకి వస్తాను, విప్పి బయటికి పోతాను. జూన్‌లో మీ వదినకి ఫ్లూ పట్టుకుని మూడు వారాలు మంచం మీద ఉంచింది. నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. నీకు గుర్తుండే ఉంటుంది, మా ప్రెస్సులో ఒక వైద్య గ్రంథం మొదటి సంపుటం నేనే కంపోజు చేశాను. రెండో సంపుటం వేరే ప్రెస్సుకి పోయింది. కాబట్టి నడుముకి పైన వచ్చే రోగాలన్నీ నాకు తెలుసు, కింద ఏం జరిగినా నాకు సంబంధం లేదు. ఫ్లూ పైభాగంలోదే కావడం మా అదృష్టం.

జులై నుంచి ఆదివారాలు మళ్ళీ మొదలుపెట్టాం. వచ్చేవాళ్ళు కాస్త తగ్గారు. ఇక్కడ కార్లకి ఆర్నెల్లకోసారి వారెంటని ఒక పరీక్ష ఉంటుంది. అందులో కృష్ణచైతన్య కారు తప్పింది. ఆ కారుని చూస్తే ఇన్నాళ్ళు ఎలా పాసయ్యిందా అనిపిస్తుంది. ఒక తలుపు నీలం, మిగతాది తెలుపు, వెనక అద్దం బదులు ప్లాస్టిక్ కాగితం. రోహన్‌కి పెట్రోలు బంకులో ఆదివారం డ్యూటీ పడింది. శ్రీరామచంద్రమూర్తిగారు మోటర్‌వే మీద ట్రాఫిక్ అంటున్నారు. ఆదివారం మధ్యాహ్నం ఏ ట్రాఫిక్కో మరి. అదీగాక రగ్బీ. ఈ దేశంలో రగ్బీ గురించి నీకు చెప్పాలి. పదిహేను మంది బలిష్ఠులు ఒక కోడిగుడ్డులాంటి బంతి కోసం ఒకరి మీద ఒకరు పడతారు, బంతి మాత్రం అందరి కిందనుంచి నెమ్మదిగా వెనక్కి జారిపోతుంది. ముందుకి పోవాలంటే వెనక్కి విసరాలి. ఇంత ఆలోచన ఉన్న ఆట నేను చూడలేదు.

వచ్చినవాళ్ళు మాత్రం పెరుగు బాగా తింటున్నారు. పోయిన ఆదివారం ఆరుగురికి మూడు లీటర్లయింది. ఆవకాయ సీసా కూడా అడుగంటింది. ఎవ్వరూ దేనికీ వంక పెట్టలేదు.

మీ వదిన వంట ఎప్పటిలాగే.

నీ అన్నయ్య


సుకుబా
7 సెప్టెంబరు 2003

అన్నయ్యా,

కారు తలుపు రంగు రాశావు. రగ్బీ బంతి ఎటు జారుతుందో రాశావు. వదిన వంట గురించి నాలుగు మాటలు. చిన్నప్పుడు అమ్మ పింగాణీ గిన్నె పగలగొట్టిన రోజున కూడా నువ్వు ఇలాగే ఊళ్ళో కబుర్లన్నీ చెప్పావు.

ఆరుగురు మూడు లీటర్ల పెరుగు ఎందుకు తింటారు? ఏమైంది వదినకి?

నువ్వు చెప్పడానికి సిగ్గుపడుతున్నావేమో. నా సిగ్గు ముందు చెబుతాను, అప్పుడు నీకు తేలికవుతుంది. ఇది ఎవరికీ చెప్పలేదు, మా వారికి తప్ప.

నా శనివారాలకి కురిహారాగారని ఒకావిడ పద్దెనిమిది నెలలు వరసగా వచ్చింది. అందరికంటే శ్రద్ధగా తినేది. కళ్ళల్లో నీళ్ళొచ్చేవి, నవ్వేది, "ఎంతో రుచి" అనేది. ఆవిడకి కారం ఇష్టమని ఆవిడ వంతు పచ్చిమిరపకాయలు విడిగా ఎక్కువ వేసేదాన్ని, అన్నయ్యా! ఒక శనివారం ఆవిడ రాలేదు. బదులుగా వాళ్ళ అత్తగారు, ఎనభై ఏళ్ళావిడ, కర్ర పొడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పింది. "మా కోడలికి మీరంటే చాలా ఇష్టం. మీ ఇంటికి వచ్చే ముందు రోజు గంజి తప్ప ఏమీ తినదు. వచ్చాక రెండు రోజులు పాలు తాగుతుంది. ఇప్పుడు కడుపులో పుండని డాక్టరు అంటున్నాడు. నేను చెప్పానని దానికి చెప్పకండి."

నాకు ఏడుపొచ్చింది. మిరపకాయలకి కాదు. ఏడాదిన్నర నేను వడ్డించింది ఆవిడకి కాదు, ఆవిడ మర్యాదకి. ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు.

ఇప్పుడు చెప్పు.

కుసుమ


మౌంట్ రాస్కిల్
12 అక్టోబరు 2003

కుసుమా,

ఈసారి రగ్బీ లేదు.

మీ వదినకి వాసన పోయింది. ఫ్లూ తగ్గింది కానీ ముక్కు తిరిగి రాలేదు. జులైలో ఒకనాడు నేను ముందుగదిలో పేపరు చూస్తున్నాను, మాడు కంపు కొట్టింది. వంటింట్లోకి వెళ్తే మీ వదిన పొయ్యి పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మూరెడు దూరంలో పాలు మాడి నల్లగా పొగలు. చూసి ఉలిక్కిపడి గబగబా దించింది. "ఆలోచనలో పడ్డానండీ" అంది. ఆవిడ అలా ఆలోచనలో పడే మనిషి కాదు. నాకప్పుడే తెలిసింది. తెలిసీ ఏమీ అనలేదు.

వాసన లేకపోతే ఆవిడకి ఉప్పు తెలియదు. దేవుడికి పెట్టకుండా రుచి చూడదు, పెట్టాక చూసినా నాలుకకీ ఏమీ తెలియడం లేదట. ఎక్కువవుతుందేమోనని భయపడి తగ్గించి వేస్తోంది. పోపు మాడేది, చింతపండు పులుసు పచ్చి కంపు కొట్టేది. పిల్లలు పెరుగులోనూ ఆవకాయలోనూ తలదాచుకున్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. మెదపకూడదని ఉపన్యాసం ఇచ్చింది నేనే కదా!

దసరా ఈసారి ఆదివారం వచ్చింది. పదహారు మందిని పిలిచాం. మహేంద్ర వాళ్ళ మేనేజరు, ఆయన భార్య కూడా వచ్చారు, ఇక్కడివాళ్ళే. ఈ ఒక్క రోజయినా ఆవిడ పరువు నిలబెట్టాలనుకున్నాను. దేవుడి గిన్నెలు పట్టుకుని ఆవిడ పూజగదిలోకి వెళ్ళింది, వంటింట్లో ఎవరూ లేరు. వెళ్ళి సాంబారులో మూడు చెంచాలు, పప్పులో రెండు, కూరలో రెండు వేసి కలిపేశాను. రుచి చూశావా అంటావు. అతిథులకంటే ముందు నేను రుచి చూడటమా? మూడు నెలలుగా చప్పగానే ఉంది, ఇవాళా చప్పగానే ఉంటుందని వేశాను.

భోజనాలు నిశ్శబ్దంగా జరిగాయి. మేనేజరు సాంబారు ఒక గుక్క తాగి, భార్య వైపు చూసి, "లవ్లీ" అన్నాడు. ఆ తర్వాత అయిదు గ్లాసుల నీళ్ళు తాగాడు. రోహన్ "యాక్చువల్లీ..." అని మొదలుపెట్టి, నన్ను చూసి, ఆపేశాడు. మీ వదిన నీళ్ళ జగ్గు నింపింది. మళ్ళీ నింపింది. నాలుగోసారి జగ్గు పట్టుకుని పంపు దగ్గరే ఆగిపోయింది.

అందరూ వెళ్ళాక స్పందన గిన్నెలు తోముతూ ఏడవడం మొదలుపెట్టింది.

"సారీ అంకుల్. నేనే వేశాను."

"ఏమిటమ్మా?"

"ఉప్పు. ఆంటీ పోయిన వారమే నాకు చెప్పారు, వాసన తెలుస్తలేదని. దేవుడి గిన్నెలు తీయంగనే రుచి చూసి సరిచెయ్యమన్నారు. నేను చూసి వేశాక కరెక్ట్‌గనే ఉండె అంకుల్, ప్రామిస్. వేసి ప్లేట్లు సర్దనీకి పోయాను."

"కరెక్టుగానే ఉండి ఉంటుందమ్మా. తర్వాత నేను వేశాను."

వెనక గుమ్మంలో మీ వదిన నిలబడి ఉంది.

"మీకు తెలుసా?" అంది.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"జులై నుంచి."

"జులై నుంచి తెలిసి, ఎదురుగా కూర్చుని మింగారు."

నాకూ రోషం వచ్చింది. "నువ్వు మాత్రం? నిన్న మొన్న వచ్చిన పిల్లకి చెప్పావు. నాకు చెప్పావా?" అన్నాను.

"ఆ పిల్లనడిగితే చప్పగా ఉందనో, బాగుందనో ఒక మాటంటుంది. నలభై రెండేళ్ళలో మీరు ఒక్కనాడు చెప్పారా? మంచని చెప్పారా, చెడ్డని చెప్పారా? మీకు వండిపెట్టడమూ, గోడకి సున్నం వెయ్యడమూ ఒకటే."

స్పందన పంపు కట్టేసింది.

"పిల్లలకి ఫోన్ చేసి చెప్పండి, ఇక ఆదివారాలు లేవని" అంది మీ వదిన.

ఆశాజ్యోతి పోన్లే నాన్నా, అమ్మకీ రెస్టు అంటోంది. డాక్టరు, వాసన ఏడాదిలో రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. రమామణి మళ్ళీ ఒదిగి నడుస్తోంది. పక్కింటావిడ కనిపిస్తే నవ్వడం కూడా మానేసింది. నిన్న నా పళ్ళెంలో పెట్టింది ప్యాకెట్టు పొడితో కలిపిన పులిహోర. నేను ఏమీ అనకుండా తిన్నాను. తిన్నాక తెలిసింది, అదే నా తప్పని. ఏమనాలో మాత్రం తెలియలేదు.

నీ అన్నయ్య


సుకుబా
26 అక్టోబరు 2003

అన్నయ్యా,

నువ్వు నాన్న నియమం సగమే నేర్చుకున్నావు.

ఆకు ముందు నాన్న వంక పెట్టేవాడు కాదు, నిజమే. నువ్వు చెయ్యి కడుక్కుని ప్రెస్సుకి పరిగెత్తేవాడివి. నేను వంటింట్లో అమ్మ దగ్గరుండేదాన్ని. నువ్వు వీధి దాటాక ఏం జరిగేదో నీకు తెలియదు. నాన్న తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ వచ్చి వంటింటి గడప మీద కూర్చునేవాడు. "కామేశ్వరీ, ఇవాళ పప్పులో బద్ద ఉడకలేదు. వంకాయ మాత్రం నిన్నటికంటే బాగా మగ్గింది. చారు పోపులో ఆవాలు చిటపటలాడకముందే దించేశావు, అవునా?" అమ్మ ఒక్కోసారి గరిటె చూపించేది. ఒక్కోసారి కొంగుతో నోరు మూసుకుని నవ్వేది. పది నిమిషాలు అదే కబురు. ఆ పది నిమిషాల కోసమే అమ్మ పొద్దుటినుంచీ వండేదేమోనని నాకు ఇప్పుడనిపిస్తుంది.

పదిమందిలో పరువు తియ్యకూడదని ఆకు దగ్గర నోరు కట్టుకున్నాడాయన. ఎప్పటికీ కట్టుకోలేదు.

నేనూ చేశాను ఒక పని. నీ ఉత్తరం చదివాక కురిహారాగారి ఇంటికి వెళ్ళాను. అత్తగారి పేరు ఎత్తలేదు. "నా వంట కారంగా ఉంటుందా?" అని ఆవిడ కళ్ళల్లోకి చూసి అడిగాను. ఆవిడ నేలవైపు చూస్తూ బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, "కొంచెం" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

వెళ్ళు. గడప మీద కూర్చో.

కుసుమ


మౌంట్ రాస్కిల్
14 డిసెంబరు 2003

కుసుమా,

ఈ దేశపు ఇళ్ళకి గడపలుండవు. చెయ్యి కడుక్కుని వెతికాను. వంటింటికీ హాలుకీ మధ్య అడ్డగోడ కూడా లేదు. చివరికి పై అరలు అందడానికి అమ్మాయి కొన్న ప్లాస్టిక్ పీట లాక్కుని ఫ్రిజ్ పక్కన కూర్చున్నాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఫ్రిజ్ పక్కన పీటేసుకుని కూర్చుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది.

"కళ్ళు తిరుగుతున్నాయా?" అంది మీ వదిన.

"లేదు. చారు..." అన్నాను.

"చారుకేం?"

"బాగుంది."

"బాగుందంటే?"

"వేడిగా ఉంది" అన్నాను. ఆవిడ నన్నొకసారి చూసి గిన్నెలు కడుక్కుంది.

రుచికి నా దగ్గర మాటల్లేవు కుసుమా. లోకంలో ఉన్న మాటలన్నీ చేత్తో పేర్చినవాణ్ణి, ఒగరుకీ వగరుకీ తేడా ఉందో లేదో నా నాలుకకి తెలియలేదు. అప్పుడు నా పని గుర్తొచ్చింది. ప్రూఫు! ముప్పై ఏడేళ్ళు అక్షరాలు పేర్చడంతోపాటు అచ్చుకి ముందు ప్రూఫులు చూసి తప్పులు దిద్దాను కదా, పప్పుని ఒక ప్రూఫు కాగితంలా చదివితే? మొదటి ముద్దకి ఉప్పు చూడటం, రెండోదానికి పులుపు, మూడోదానికి పోపు. మర్నాడు పీట మీద కూర్చుని, "పప్పులో ఉప్పు చాల్లేదు. ఇంగువ పడలేదు. ఎండుమిరపకాయ ఒకటి మాడింది" అన్నాను.

గరిటె గట్టుమీద ఠంగున పెట్టింది. "ఇన్నేళ్ళకి నోరొచ్చిందా? ముక్కు పోయినదాన్ని చూసి ఇప్పుడొచ్చిందా?"

లేచి పోదామనుకున్నాను. నాన్నయితే కూర్చునేవాడని కూర్చున్నాను. రెండు గిన్నెలు కడిగాక, అటు తిరిగే, "ఇంగువ నిజంగానే మరిచిపోయాను" అంది.

అలా మూడు వారాలు. ఇప్పుడు దేవుడి గిన్నె తీయగానే నన్ను పిలుస్తుంది. నా నాలుక, ఆవిడ చెయ్యి. మెంతులని చెప్పబోయి ఆవాలని చెబుతాను, తిడుతుంది. తిట్టేటప్పుడు మాత్రం పూర్వంలా నిటారుగా నిలబడుతోంది.

ఒకనాడు అడిగింది. "పోనీ, ఇన్నేళ్ళలో మీకు నచ్చిందంటూ ఏదైనా ఉందా అసలు?"

"కాకరకాయ పులుసు" అన్నాను, ఆలోచించకుండానే.

"అది చేసి ముప్పై ఏళ్ళయింది!"

"అదే. ఎందుకు మానేసిందా అనుకునేవాణ్ణి."

"మీరు మాట్లాడకుండా లేచిపోయారు. నచ్చలేదనుకుని మానేశాను."

"నేను దేనికి మాట్లాడాను కనక?"

ఆవిడ నా వైపు చూసింది. నవ్విందో ఏడ్చిందో నాకు సరిగ్గా చదవడం రాలేదు. కొంగు అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్ళ పులుసు, కుసుమా! ఒక్క మాట ఖరీదు.

మర్నాడు పొద్దున్న, "పిల్లలకి ఫోన్ చెయ్యండి, ఆదివారం రమ్మనండి. ఉపన్యాసం మాత్రం నేనిస్తాను" అంది. ఆశాజ్యోతి, "అమ్మా, నీకెందుకే శ్రమ?" అనబోయింది. "శ్రమ కాదే, నా పని" అంది మీ వదిన. మా అమ్మాయి అంతటితో ఊరుకుంది. వాళ్ళమ్మ గొంతు గుర్తుపట్టినట్టుంది.

తొమ్మిది మంది వచ్చారు. శ్రీరామచంద్రమూర్తిగారికి ఆ వారం ట్రాఫిక్ లేదు. మీ వదిన గరిటె పట్టుకుని హాలు మధ్యన నిలబడింది. జీవితంలో పదిమంది ముందు మాట్లాడి ఎరగదు.

"నాకు వాసన తెలియడం లేదర్రా. జూన్‌నుంచి. ఇన్నాళ్ళూ మీకు చప్పిడి కూడు పెట్టాను, ఒకసారి మిమ్మల్ని ఉప్పుపాతర వేశాను. మీరు మర్యాదగా తిన్నారు. ఇక ఆ మర్యాద నాకొద్దు. దేవుడికి పెట్టాక, మీకు వడ్డించే ముందు, వారానికొకరు వంటింట్లోకి వచ్చి రుచి చూసి చెప్పాలి. బాగుందన్నవాడికి భోజనం లేదు."

పిల్లలు నా వైపు చూశారు. "నా నియమం రద్దయింది" అన్నాను.

మొదటి వంతు కృష్ణచైతన్యది. సాంబారు చెంచాతో తీసుకుని నోట్లో పోసుకుని, "బానే ఉందాం..." అని ఆవిడ చేతిలో గరిటె చూసి ఆగాడు. "అంటే... ఉప్పు తక్కువైందాంటీ. ముల్లంగి ఉడకలేదు. ఇంకా... చెప్పనా?"

"చెప్పు."

"ఆగస్టులో ఒకసారి చేసిన దొండకాయ వేపుడు, అది మాత్రం నేను తినలేదాంటీ. టిష్యూలో చుట్టి జేబులో పెట్టుకున్నాను."

"యాక్చువల్లీ నేను కూడా!" అని రోహన్ హాల్లోంచి అరిచాడు.

ఇల్లంతా పగలబడి నవ్వింది. ఎవరెవరు ఏది ఎక్కడ దాచారో బయటపడింది. నీ మాట గుర్తొచ్చింది, ఏం చేశారో చూడమన్నావు కదా! మీ వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. స్పందన ఉప్పు డబ్బా తెచ్చింది. నేను వేస్తానంటే అందరూ ఒక్కసారిగా "వద్దంకుల్!" అన్నారు.

పొద్దున అవండేల్ సంతలో ఫిజీ నుంచి వచ్చిన కాకరకాయలు కొని తెచ్చి, మీ వదిన ఒక చిన్న గిన్నెలో పులుసు పెట్టింది. పిల్లలొకరిద్దరు రుచి చూసి మొహాలు వికారంగా పెట్టారు. "మీకు కాదర్రా అది, అంకుల్‌కి" అంది. ఆ రోజు మొదటిసారి నన్ను కూడా అందరితోపాటే కూర్చోబెట్టి, నా పళ్ళెంలో వడ్డించి, ఎదురుగా నిలబడింది. తొమ్మిదిమందీ చేతులాపి నన్నే చూస్తున్నారు.

"ఎలా ఉంది?" అంది.

కలుపుకున్నాను, ముద్ద పెట్టుకున్నాను, మూడు ముద్దలూ చదివాను.

"బెల్లం తక్కువైంది" అన్నాను. "చేదు అలాగే ఉంది. పులుసు ఇంకొంచెం వెయ్యి."

ఆవిడ గిన్నె మొత్తం నా పళ్ళెంలో ఒంపేసింది.

నీ అన్నయ్య
మధుసూదనరావు